మానవ హక్కులు అంటే ఏమిటి, ఎలా వచ్చాయి? అవి దొంగలకూ రౌడీషీటర్లకూ తప్ప మామూలోళ్ళకు ఎందుకు?

మానవ హక్కులంటే మనిషిగా పుట్టినందుకే ఉండే హక్కులు. అవి మామూలోళ్ళకు ఎందుకన్న ప్రశ్నతోనే మొదలుపెడతా, ఎందుకంటే మాది అనంతపురం జిల్లాలో పాత కక్షలున్న ఊరు.

కొన్నేళ్ళ కిందట మా చిన్నాయన కొడుకును సాయంత్రం పూట పోలీసులు జీపెక్కించుకొని పోయారు. ఊళ్ళో ఏదో గొడవ జరిగింది, వాడేమో ఆ రోజంతా చేన్లో శెనక్కాయ పీకిస్తున్నాడు. "సార్ మాట్లాడాలన్నాడు, పొద్దున పంపిస్తాం" అన్నారు. పొద్దున పోతే మా దగ్గర అట్లాంటోడు ఎవరూ లేడన్నారు! టౌన్లో వకీలు దగ్గరికి పరిగెత్తితే ఆయన కేసేమిటని కూడా అడగలేదు. ఎన్ని గంటలకు తీసుకుపోయారు, ఎవరు చూశారు, అరెస్టు చూపించారా, ఇంతే. సోమవారం పట్టుకుపోయిన మనిషిని కాగితం మీద బుధవారం చూపించొచ్చు, ఈ మధ్యలో వాడికి ఏం జరిగినా అడిగే దిక్కుండదు. అందుకే ఆయన టైముతో సహా అర్జీ రాయించి ఎస్పీకి, మేజిస్ట్రేటుకు పంపించాడు. ఆ రాత్రే అరెస్టు చూపించి మరుసటి రోజు కోర్టులో పెట్టారు. కేసు తర్వాత చాలాకాలం నడిచింది, అది వేరే కథ.

వకీలు పట్టుకున్నది రాజ్యాంగంలోని 22వ అధికరణం. ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. నేరం చేస్తాడేమోనని ముందే పట్టుకునే ముందస్తు నిర్బంధ చట్టాల కింద అయితే మాత్రం ఇది వర్తించదు, అదొక పెద్ద బొక్క.

ఈ ఒక్క హక్కును పట్టుకొని వెనక్కి పోతే చరిత్రంతా కనిపిస్తుంది. 1215లో ఇంగ్లండ్ రాజు జాన్ మీద జమీందార్లు తిరగబడి మాగ్నా కార్టా రాయించుకున్నారు, దేశ చట్టం ప్రకారం తప్ప స్వతంత్రుడైన ఏ మనిషినీ జైల్లో వేయకూడదని. స్వతంత్రుడైన అనే చోటే ఉంది తిరకాసు, దొరల భూములకు కట్టుబడి బతికే రైతులు లెక్కలోనే లేరు. 1679లో హెబియస్ కార్పస్ చట్టం వచ్చింది, అంటే పట్టుకుపోయిన మనిషిని తెచ్చి కోర్టుకు చూపించమనడం. 1776లో అమెరికా, 1789లో ఫ్రాన్స్ ఇంకో మెట్టెక్కి, హక్కులు రాజు దయ కాదు, పుట్టుకతో వచ్చేవన్నాయి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్ దగ్గరే బానిసలుండేవారు. ఫ్రాన్స్‌లో ఆడవాళ్ళ హక్కుల ప్రకటన రాసిన ఒలింప్ ద గూజ్ తలను 1793లో గిలెటిన్ కింద నరికేశారు. మన దగ్గరైతే బ్రిటిష్ వాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలన్నారు. మన వైపు ఎరుకల వాళ్ళు ఏ తప్పూ చేయకుండానే ఠాణాలో హాజరు వేయించుకున్నది ఈ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చినందువల్లే. దేశమంతటా అది రద్దయింది 1952లో.

హిట్లర్ ప్రభుత్వం చాలా ఘోరాలను తన సొంత చట్టాల ప్రకారమే చేసింది. దేశ చట్టం ఒక్కటే చాలదని ప్రపంచానికి అప్పుడు తెలిసొచ్చింది. 1948 డిసెంబర్ 10న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి 30 అధికరణాల విశ్వ మానవ హక్కుల ప్రకటన చేసింది, అకారణంగా అరెస్టు చేయకూడదనేది అందులో 9వది. మొదటి అధికరణంలో "మగవాళ్ళందరూ" అనే అర్థం కూడా వచ్చే ఇంగ్లీషు మాటను "మనుషులందరూ" అని మార్పించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా.

అయినా ఎమర్జెన్సీలో, 1976లో, మన సుప్రీంకోర్టే జైల్లో పెట్టినవాళ్ళ కోసం హెబియస్ కార్పస్ అడిగే వీల్లేదంది. అయిదుగురు జడ్జీల్లో ఆ తీర్పును కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. తర్వాత 1978లో 44వ సవరణతో, ఎమర్జెన్సీ పెట్టినా ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన 21వ అధికరణాన్ని పక్కన పెట్టకుండా చేశారు. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు, అరెస్టుకు మెమో రాయాలి, సాక్షి సంతకం ఉండాలి, ఇంట్లోవాళ్ళకు చెప్పాలి అంది.

ఇక దొంగలకే హక్కులా అంటారా? మావాడు దొంగో కాదో ఆ సాయంత్రం ఎవరికి తెలుసు? అది తేల్చాల్సింది కోర్టు, అక్కడిదాకా మనిషి ప్రాణాలతో చేరాలి కదా.

మీకెవరికైనా ఇట్లాంటిది వస్తే 1993 చట్టం కింద ఏర్పడ్డ మానవ హక్కుల కమిషన్ ఉంది, రాష్ట్ర కమిషన్‌ను 2021లో కర్నూలులో పెట్టారు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు, ఘటన జరిగిన ఏడాదిలోపు పంపాలి. కమిషన్ సిఫారసు మాత్రమే చేయగలదు, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకొని కూర్చోకండి. ముందు టైము, జీపు నంబరు, చూసినవాళ్ళ పేర్లు రాసుకొని ఎస్పీకి రిజిస్టర్ పోస్టు చేయండి, ఆ రసీదు పారేయొద్దు.