బోరు వేసే ముందు ఇంటి లెక్క

ప్రశ్న: కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నామండీ. జియోథర్మల్ హీట్ పంప్ పెట్టుకుంటే చలికాలంలో వెచ్చదనం, ఎండాకాలంలో చల్లదనం రెండూ ఒకే మెషిన్‌తో వస్తాయని విన్నాం. మా దగ్గర వేడినీటి బుగ్గలేవీ లేవు. అయినా పనిచేస్తుందా? నేల అడుగున వేడి ఉంటే ఇల్లు చల్లబడేదెలా?

జవాబు: పనిచేస్తుందండీ. వేడినీటి బుగ్గలతో దీనికి సంబంధం లేదు. ఐస్‌లాండ్‌లో భూగర్భంలోని వేడినీటిని తోడి ఇళ్లకు పంపిస్తారు, ఆ పద్ధతి వేరు. మీకు కావలసింది వేడి నేల కాదు, వేడి నిలకడగా ఉండే నేల. పగలూ రాత్రీ తేడా మట్టిలో అర మీటరు, మీటరు లోతుకే పోతుంది. వేసవీ శీతాకాలాల తేడా కూడా 10, 15 మీటర్ల దగ్గర దాదాపుగా ఆగిపోతుంది. అక్కడి నుంచి ఏడాదంతా ఒకటే ఉష్ణోగ్రత. అది ఆ ప్రాంతంలో గాలికి ఉండే ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. సగటు 10 డిగ్రీలుండే చోట బయట మంచు కురుస్తున్నా నేల లోపల సుమారు 10 డిగ్రీలే. సగటు 27 ఉండే చోట బయట 42 డిగ్రీల ఎండ కాస్తున్నా లోపల 27, 28.

ఆ లోతు దాటి ఇంకా చాలా కిందికి బోరు వేసి, అందులో ఒక ప్లాస్టిక్ పైపును దించి, అడుగున మలుపు తిప్పి, మళ్లీ పైకి తెస్తారు. దాంట్లో నీళ్లు తిరుగుతూ ఉంటాయి. ఇంట్లో ఉండే మెషిన్‌లో భాగాలన్నీ ఫ్రిజ్‌లో ఉండేవే: కంప్రెసర్, రెండు కాయిళ్లు, మధ్యలో ఒక వాల్వ్. వీటికి తోడు గ్యాస్ తిరిగే దిశను మార్చే వాల్వ్ ఇంకొకటి ఉంటుంది. చలికాలంలో నీళ్లలోని వేడి ఇంట్లోకి వస్తుంది, ఎండాకాలంలో ఇంట్లోని వేడి నీళ్ల ద్వారా నేలలోకి పోతుంది. కరెంటు ఖర్చయ్యేది వేడిని పుట్టించడానికి కాదు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయడానికి. అందుకే ఒక యూనిట్ కరెంటుతో మూడు నాలుగు యూనిట్ల వేడి ఇంటికి అందుతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఇలాంటి యంత్రంతో భవనాలను వెచ్చబరచవచ్చని, చల్లబరచవచ్చని విలియం థామ్సన్, అంటే మనం లార్డ్ కెల్విన్ అని చదువుకున్నాయనే, 1852లో రాశారు. నేలలోని వేడిని వాడుకునే హీట్ పంపుకు హైన్‌రిఖ్ జోలీ 1912లో స్విట్జర్లాండ్‌లో పేటెంట్ తీసుకున్నారు. మీరు దీన్ని ప్రయోగం అనుకుని భయపడనక్కర్లేదు.

ప్రశ్న: ఇంటి వైశాల్యం అడిగి, "మూడు టన్నులు సరిపోతుంది, మొత్తం 200 మీటర్ల బోరు వేస్తే చాలు" అని కాంట్రాక్టర్ ఫోన్‌లోనే తేల్చేశారు సార్. నమ్మవచ్చా?

జవాబు: ఇంటిని చూడకుండా, నేలను చూడకుండా చెప్పిన లెక్కను నమ్మకండి. ఎందుకో మీ అంకెలతోనే చెబుతాను.

మూడు టన్నులంటే గది నుంచి లాగే వేడి సుమారు 10.5 కిలోవాట్లు. నేలలోకి పోయేది అంతే కాదు. కంప్రెసర్ తిన్న కరెంటు కూడా వేడిగా మారి దాంతోపాటే వెళుతుంది. మొత్తం 13 కిలోవాట్ల దాకా అవుతుంది. ఇక నేల ఎంత తీసుకుంటుంది? పొడి ఇసుకలో వేడి నెమ్మదిగా కదులుతుంది. అదే ఇసుక నీటితో తడిసి ఉంటే వేడి చాలా రెట్లు త్వరగా పాకుతుంది. గట్టి గ్రానైట్ రాయి ఇంకా నయం. ముతక లెక్కలో మీటరు బోరుకు 30 నుంచి 70 వాట్లు అంటారు. 70 చొప్పున వేస్తే మీకు 190 మీటర్లు దాటదు. 30 చొప్పున వేస్తే 430 మీటర్లు కావాలి. మీ కాంట్రాక్టర్ చెప్పిన 200 అన్నీ అనుకూలిస్తేనే సరిపోయే అంకె. నేల అనుకూలంగా ఉందని ఆయనకు ఎవరు చెప్పారు?

అంతకన్నా ముందు, ఆ మూడు టన్నులు ఎలా వచ్చాయి? వైశాల్యం ఒక్కటే చూస్తే కుదరదు. పడమటి కిటికీల మీద నీడ ఉందా, పైకప్పుకు ఇన్సులేషన్ వేశారా, తలుపుల సందుల్లోంచి గాలి ఎంత పోతోంది, ఇవన్నీ గది గదికీ లెక్క కట్టాలి. నేను డిజైన్ చేసేటప్పుడు యజమానులతో ఎక్కువ వాదించేది దీని గురించే. ఇంటి అవసరంలో ఒక కిలోవాటు తగ్గిస్తే నేలను బట్టి 18 నుంచి 40 మీటర్ల బోరు తప్పుతుంది. కిటికీకి నీడ కట్టడం సులువా, రాయిని తొలచడం సులువా?

రెండో సంగతి చాలామంది అసలు అడగరు. ఏడాది మొత్తంలో నేలలోకి ఎంత వేడి పంపుతున్నారు, ఎంత తిరిగి తీసుకుంటున్నారు? చలికాలంలో తీసుకున్నది, వేసవిలో పంపినది ఇంచుమించు సమానమైతే నేల ఏటా మళ్లీ మొదటి స్థితికి వస్తుంది. ఈ మెషిన్‌ను ఏసీగా మాత్రమే నడిపే ఇంట్లో వేడి ఒకే దిక్కుగా, నేలలోకే పోతుంది. అలాంటి ఒక ఇంటికి నన్ను పిలిచారు. మొదటి రెండు వేసవులు బ్రహ్మాండంగా చల్లబడిన ఇల్లు, తర్వాత మధ్యాహ్నమయ్యేసరికి మెషిన్ ట్రిప్ అయి ఆగిపోతోంది. మెషిన్‌లో లోపమనుకుని కంప్రెసర్ కూడా మార్చారు. నేను నేలలోంచి వచ్చే పైపు మీద థర్మామీటర్ పెడితే నీళ్లు 38 డిగ్రీల్లో వస్తున్నాయి. బోర్లన్నీ పెరట్లో ఒకే మూలన, మూడేసి మీటర్ల దూరంలో వేశారు. ఒకదాని వేడి ఇంకోదాన్ని తాకుతోంది, బయటికి పోయే దారి లేదు. కొత్త కంప్రెసర్ ఏం చేస్తుంది పాపం?

బోరుకూ బోరుకూ కనీసం 6 మీటర్లు వదలాలి. ఏసీ వాడకమే ఎక్కువైతే ఇంకా దూరం పెట్టాలి, లోతు పెంచాలి, ఇంట్లోంచి లాగిన వేడిలో కొంత స్నానాల నీటికి మళ్లించాలి. ఆ నీళ్లు దాదాపు ఉచితంగా కాగుతాయి, నేల మీద భారమూ తగ్గుతుంది.

పెద్ద భవనాలకైతే ముందు ఒక బోరు వేసి, అందులో రెండు రోజులకు తక్కువ కాకుండా వేడినీళ్లు తిప్పి, నేల ఎంత వేగంగా వేడి లాక్కుంటుందో కొలుస్తారు. ఒక్క ఇంటికి అంత ఖర్చు పెట్టమని నేను చెప్పను. కానీ మొదటి బోరు వేసేటప్పుడు ఎన్ని మీటర్ల దగ్గర మట్టి, ఎక్కడ రాయి, ఎక్కడ నీళ్లు తగిలాయో రాయించుకోండి. మిగతా లోతు ఆ కాగితం చూసి తేల్చమనండి.

ప్రశ్న: ఇలా బోర్లు వేస్తే భూగర్భ జలాలు తరిగిపోవా? పాడవవా?

జవాబు: తరిగిపోవు. నీళ్లు పైపులోనే తిరుగుతాయి, తోడేదేమీ లేదు. పాడయ్యే అవకాశం మాత్రం బోరు సరిగ్గా పూడ్చకపోతే ఉంది. పైపుకూ బోరు గోడకూ మధ్య సందును బెంటోనైట్ (నీళ్లు తగిలితే ఉబ్బే ఒక రకం బంకమట్టి) మిశ్రమంతో అడుగు నుంచి పైదాకా నింపాలి. దీన్నే గ్రౌటింగ్ అంటారు. పైనుంచి మట్టి పోసి సరిపెడితే పై మురుగు లోపలి మంచినీటి పొరలోకి దిగుతుంది.

జర్మనీలో స్టౌఫెన్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ 2007లో టౌన్‌హాల్ కోసం 140 మీటర్ల లోతున ఏడు బోర్లు వేశారు. అడుగున అన్‌హైడ్రైట్ అనే ఖనిజపు పొర ఉంది. దానికి నీరు తగిలితే జిప్సమ్‌గా మారి ఉబ్బుతుంది. బోర్ల గుండా నీరు చేరింది, ఊరి నడిబొడ్డు నెలకు సెంటీమీటరు చొప్పున పైకి లేచింది, 200కు పైగా ఇళ్లు బీటలు వారాయి. అలాంటి పొర అన్నిచోట్లా ఉండదు. కానీ గ్రౌటింగ్ మాటెత్తగానే విసుక్కునే కాంట్రాక్టర్లకు నేను ఈ ఊరి కథ తప్పకుండా చెబుతాను.

ప్రశ్న: మాది కట్టేసిన ఇల్లు, చుట్టూ ఖాళీ తక్కువ. ఇప్పుడు పెట్టించుకోవచ్చా?

జవాబు: బోరు బండి లోపలికి వచ్చి నిలబడే చోటు ఉందా? ముందు అది కొలవండి. లేకపోతే, గుంటలు తవ్వి పైపులు పరిచే పద్ధతికి ఇంకా ఎక్కువ స్థలం కావాలి కాబట్టి అదీ కుదరదు. అప్పుడు గాలి నుంచి వేడి తీసుకునే మంచి హీట్ పంప్ పెట్టుకోండి. ఇప్పటివి బాగా పనిచేస్తున్నాయి, దాన్ని తక్కువగా చూడకండి. బండికి చోటుంటే మాత్రం ఆలోచించవచ్చు. ఇంట్లోని మెషిన్ 20, 25 ఏళ్లు, నేలలోని పైపు 50 ఏళ్లు ఉంటాయని పెట్టుకుంటారు కాబట్టి ఒక్క బోరు మీద ఒకదాని తర్వాత ఒకటిగా రెండు మెషిన్లు నడుస్తాయి. ఒప్పందంలో మూడు మాటలు రాయించుకోండి: నేలలో పైపు అతుకులన్నీ వేడితో కరిగించి వేసినవే ఉండాలి, క్లాంపులు వద్దు. పైపు దించాక, పూడ్చే ముందు, నీటి ఒత్తిడి పరీక్ష మీ కళ్ల ముందు జరగాలి. బోర్లు ఎక్కడున్నాయో గోడ నుంచి కొలతలతో గీసిన పటం మీ చేతికివ్వాలి.