పెరటి కోళ్లకు రాత్రి గూడు: ఎంత స్థలం, ఎలా కట్టాలి?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. పెరట్లో 30 వనరాజా కోళ్లున్నాయి. ఇన్నాళ్లూ రాత్రిపూట గంపల కింద కమ్ముతున్నాం. కోళ్లు పెరిగాక గంపలు చాలడం లేదు. మొన్న అడవి పిల్లి ఒక గంపను తోసేసి రెండు కోళ్లను ఎత్తుకుపోయింది. రేకులతో చిన్న గూడు కట్టాలనుకుంటున్నాం. ఎంత స్థలం కావాలి? చలికి, వానకు చుట్టూ పరదాలు కట్టేయమంటున్నారు, మంచిదేనా?

జవాబు: పగలంతా బయట తిరిగి రాత్రి పడుకోవడానికే గూటికి వచ్చే కోళ్లకు ఒక్కోదానికి ఒకటిన్నర చదరపు అడుగులు చాలు. మీ కోళ్లకు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పున్న గూడు సరిపోతుంది. అయితే నేల కొలత ఒక్కటే చూసుకోవద్దు. కోడి రాత్రిపూట కర్రెక్కి కూర్చోవడానికే ఇష్టపడుతుంది. కోడికి 8 అంగుళాల చొప్పున మీకు 20 అడుగుల కర్ర కావాలి. గూటి పొడవునా అడుగు ఎడంతో మూడు కర్రలు వేస్తే 24 అడుగులవుతుంది. ఇంకో ఐదారు కోళ్లు పెరిగినా సర్దుకుంటాయి.

మూడు కర్రలూ ఒకే ఎత్తులో ఉండాలి. మెట్లలా వేస్తే పై కర్ర కోసం రోజూ పొద్దుగూకే వేళ పోట్లాటే. పైగా పైవాటి రెట్ట కిందివాటి మీద పడుతుంది. వనరాజా బరువైన కోడి, నాటుకోడిలా ఎగరలేదు. ఎత్తు నుంచి దూకితే కాళ్లు దెబ్బతింటాయి, అడుగున్నర ఎత్తు చాలు. కర్ర రెండంగుళాల మందంతో నున్నగా ఉండాలి. సరుగుడు కర్రయితే బెరడు తీసేయండి. ఆ సందుల్లో గోమార్లు పగలు దాక్కుని రాత్రి కోళ్ల రక్తం తాగుతాయి. కర్రలను మేకులతో బిగించకుండా గాడిలో పెట్టుకుంటే నెలకోసారి తీసి ఎండబెట్టి సున్నం కొట్టుకోవచ్చు.

ఇక పరదాల సంగతి. చుట్టూ మూసేయమన్నవాళ్ల మాట వినకండి. 30 కోళ్ల ఊపిరిలోని తేమ, రెట్టలోంచి వచ్చే అమ్మోనియా బయటికి పోవాలి కదా! తెల్లారి తలుపు తీయగానే మీ కళ్లు మండితే, రాత్రంతా కోళ్లు పీల్చింది ఆ గాలే. గురక, కళ్ల వెంట నీళ్లు అక్కడే మొదలవుతాయి. ఒళ్లు తడవకుండా ఉంటే పెద్ద కోళ్లు మన చలిని బాగానే తట్టుకుంటాయి. గోడ మూడడుగులు లేపి, ఆపైన చూరు దాకా జాలీ కొట్టండి. అప్పుడు చలిగాలి కోళ్లకు నేరుగా తగలదు, వేడిగాలి పైనుంచి పోతుంది. జల్లు కొట్టే వైపు మాత్రం గోనెపట్టా వేలాడదీసి, వాన తగ్గగానే ఎత్తేయండి. గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. రేకుల మీద తాటాకు కప్పండి. మీ ఎండలకు రేకు చీకటి పడ్డా సెగ చిమ్ముతుంది, కోళ్లు లోపలికి రాక చెట్టెక్కుతాయి.

జాలీ అరంగుళం కన్నాల వెల్డ్ జాలీ కొనండి. మామూలు కోళ్ల వలను అడవి పిల్లి పంజాతో చింపేస్తుంది. కుక్కలు, ముంగిసలు కింద తవ్వి దూరకుండా గోడ చుట్టూ అడుగు లోతున జాలీని పూడ్చండి. రాత్రి గూట్లో మేత ఉంచొద్దు. మేతకు ఎలుకలు, ఎలుకల కోసం పాములు వస్తాయి. తలుపుకు తాడు కట్టి ఊరుకోకుండా గొళ్లెం పెట్టించండి.

నేల మీద రెండు మూడంగుళాల మందాన ఊక పరవండి. తడిసిన చోట వెంటనే మార్చాలి. ఐదు పెట్టలకో గుడ్ల పెట్టె చాలు, కర్రల కంటే కిందే ఉంచండి, లేకపోతే అందులోనే పడుకుని పాడుచేస్తాయి. పిల్లల తల్లిని మాత్రం ఈ మందలో కలపకుండా గూట్లోనే ఓ మూల గంప కింద ఉంచండి.

కొత్త గూటికి కోళ్లు వెంటనే అలవాటు పడవు. వారం పాటు పొద్దు వాలకముందే లోపల గుప్పెడు నూకలు చల్లి పిలవండి. బయటే ఉండిపోయినవాటి వెంట పరుగెత్తకండి. చీకటి పడ్డాక కోడికి చూపు ఆనదు, మెల్లగా పట్టుకుని కర్ర మీద కూర్చోబెడితే కదలకుండా ఉండిపోతుంది.