ఆర్ కొత్త వెర్షన్ వేసుకుంటే పాత కోడ్ దెబ్బతింటుందా?

గణాంకాల పనికి వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా వేసుకోవాలా, నడుస్తున్న కోడ్ ఆగిపోతుందేమో అని అడిగారు. వేసుకోండి. పని సగంలో ఉండగా మాత్రం వద్దు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది.

2020 ఏప్రిల్‌లో 4.0.0 వచ్చేటప్పటికి నా చేతిలో ఒక సర్వే డేటా ఉంది. సీఎస్‌వీ ఫైలు చదివి, గ్రూపుల కాలమ్‌కి లెవెల్స్ (అందులోని గ్రూపుల పేర్ల జాబితా) తీసి, ఒక్కో గ్రూపుకీ ఫర్ లూప్‌లో ఒక గ్రాఫ్ గీసి ఫోల్డర్‌లో పడేసే స్క్రిప్టు. ఏడాదిగా నడుస్తున్నదే. కొత్త వెర్షన్ వేసిన రోజే రన్ చేశాను. ఎర్రక్షరం ఒక్కటి రాలేదు. ఫోల్డర్ తెరిస్తే పన్నెండు గ్రాఫులూ ఉన్నాయి. రిపోర్టులో పెట్టి పంపేశాను. రాత్రి ఎందుకో ఫైళ్ల పక్కన తేదీలు చూస్తే అన్నీ పోయిన నెలవి! కొత్త డేటాతో ఒక్క గ్రాఫ్ కూడా గీయలేదు.

తెల్లవారుజాముకి గానీ కారణం దొరకలేదు. ఫైలు చదివే రీడ్ డాట్ సీఎస్‌వీ ఫంక్షన్ అంతకుముందు అక్షరాల కాలమ్‌ని దానంతట అదే ఫ్యాక్టర్ (విలువల్ని వర్గాలుగా ఉంచే డేటా రకం) చేసేది. 4.0.0 నుంచి ఆ డిఫాల్ట్ ఫాల్స్ అయింది, అంటే అడిగితేనే చేస్తుంది. ఉత్త క్యారెక్టర్ కాలమ్‌కి లెవెల్స్ ఉండవు, నల్, అంటే ఖాళీ, వస్తుంది. నల్ మీద లూప్ ఒక్కసారీ తిరగదు, తిరగలేదని చెప్పదు కూడా. ఆ కాలమ్‌ని నేనే ఫ్యాక్టర్ చేసే ఒక్క లైను కలిపితే సరిపోయింది.

అయినా ఆ మార్పు మంచిదే అంటాను. అడగకుండా డేటా రకం మార్చే అలవాటు ఎప్పుడో పోవాల్సింది. నా భయమల్లా చప్పుడు చేయని మార్పులతోనే. 4.2.0లో చూడండి, ఇఫ్ షరతులో ఒకటికి మించి విలువలుంటే నేరుగా ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. అంతకుముందు వార్నింగ్ పడేసి మొదటి విలువతో ముందుకెళ్లిపోయేది. కోడ్ విరిగిందని దాన్ని తిట్టినవాళ్లున్నారు. ఆ కోడ్ మొదటినుంచీ తప్పే.

ఇంకో మాట. "సెట్ డాట్ సీడ్ అదే ఇచ్చాను, శాంపిల్ వేరే వస్తోంది" అని ఇప్పటికీ అడుగుతుంటారు, వెర్షన్ ఏదో చెప్పకుండా. సీడ్ అంటే యాదృచ్ఛిక ఎంపిక ప్రతిసారీ ఒకేలా రావడానికి ఇచ్చే అంకె. 2019లో 3.6.0 వచ్చినప్పుడు శాంపిల్ ఫంక్షన్ ఎంచుకునే పద్ధతే మార్చారు. పాత రౌండింగ్ పద్ధతి పెద్ద జనాభాల మీద అన్నింటికీ సమాన అవకాశం ఇవ్వడం లేదు. పాత ఫలితమే కావాలంటే ఆర్‌ఎన్‌జీకైండ్‌లో రౌండింగ్ అని అడగొచ్చు. ఇదంతా ఆర్ మార్పుల జాబితా అయిన న్యూస్ ఫైల్లో రాసే ఉంటుంది. అది చదవకుండా అప్‌గ్రేడ్ చేయడం నాకు నచ్చదు.

ఏటా ఏప్రిల్‌లో వచ్చే పెద్ద వెర్షన్ వచ్చాక చేతిలో పని ముగించి అప్పుడు వేసుకోండి. విండోస్‌లో పాత వెర్షన్ పక్కనే ఉంటుంది, తీసేయకండి. ప్యాకేజీలు (ఆర్‌కి విడిగా కలుపుకునే ఫంక్షన్ల కట్టలు) మాత్రం మళ్లీ వేసుకోవాలి, ఓ పూట పోతుంది. ఒక ప్రాజెక్టు ఏళ్ల తరబడి నడిచేదైతే ఆర్‌ఎన్వ్ అనే ప్యాకేజీతో మిగతా ప్యాకేజీల వెర్షన్లు కట్టేసి పెట్టండి.

ఇప్పుడు నా ప్రతి స్క్రిప్టులో మొదటి లైను అవుట్‌పుట్ ఫోల్డర్‌ని ఖాళీ చేస్తుంది, చివరి లైను ఆర్, ప్యాకేజీల వెర్షన్లు చెప్పే సెషన్‌ఇన్ఫోని అందులో రాసి పెడుతుంది.