సందేహాలు – సమాధానాలు: మనిషిని ‘రవాణా’ చేస్తారా?

ప్రశ్న: మనుషుల్ని మోసగించి అమ్మేసే ముఠాల గురించి పిల్లలకు అవగాహన కలిగించే ఒక హిందీ లఘుచిత్రానికి తెలుగు సంభాషణలు, తెర కింద వేసే మాటలు రాస్తున్నాం. చిత్తూరు, తిరుపతి జిల్లాల హైస్కూళ్లలో చూపించాలని ఉంది. హిందీలోని ‘మానవ్ తస్కరీ’ని మాలో ఒకరు ‘మానవ తస్కరణ’ అన్నారు, ఒకరు ‘అక్రమ మానవ రవాణా’ అన్నారు, మరొకరు సంధి చేసి ‘మానవాక్రమ రవాణా’ అని రాశారు. ఏది సరైనది? పోస్టరు మీద ‘అమ్ముడుపోయిన ఆడపిల్ల’ అని వేయవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ‘తస్కరణ’ను ముందు పక్కన పెట్టండి. సంస్కృతంలో తస్కరుడంటే దొంగ. హిందీలో ‘తస్కరీ’ దొంగరవాణాకు స్థిరపడింది కానీ, తెలుగులో తస్కరించడమంటే ఈనాటికీ దొంగిలించడమే. ‘మానవ తస్కరణ’ అని చదివిన పిల్లవాడికి గోనెసంచిలో వేసుకుపోయే పిల్లల దొంగ గుర్తొస్తాడు. మీ చిత్రం చెప్పేది అది కాదు. తెలిసినవాడే ఇంటికొచ్చి, కాఫీ తాగి, నమ్మకంగా మాట్లాడి తీసుకుపోవడం గురించి కదా.

ఇక సమాసం. ‘అక్రమ మానవ రవాణా’ అంటే ‘అక్రమ’ అనే విశేషణం తన పక్కనున్న మానవుడికి అంటుకుంటుంది. అక్రమమైనది రవాణా, మనిషి కాదు. కాబట్టి ‘మానవ అక్రమ రవాణా’ అన్న క్రమమే మేలు: మానవుల యొక్క అక్రమ రవాణా. సంధి చేస్తే మరో చిక్కు. ‘మానవాక్రమ’ అనగానే చెవికి ‘ఆక్రమణ’ వినిపిస్తుంది. పైగా ‘అక్రమ’ ముందు కలవాల్సింది ‘రవాణా’తో, ‘మానవ’తో కాదు. ఆ ‘రవాణా’ పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, చివర అన్యదేశ్యం ఉన్న పదబంధం. దానికి సంస్కృత సమాసపు బిగింపు అక్కర్లేదు, విడివిడిగా రాయండి.

అయితే మీరు అడగని ప్రశ్న ఒకటుంది, నాకు అదే ముఖ్యమనిపిస్తోంది. ఆ మాట వ్యాకరణానికి సరిపోయినంత మాత్రాన మీ చిత్రానికి సరిపోతుందా? మన జిల్లాల్లో ‘అక్రమ రవాణా’ రోజూ పేపర్లో కనబడే మాట. భాకరాపేట ఘాట్‌లో ఎర్రచందనం, ఏట్లో ఇసుక, సరిహద్దు దాటొచ్చే కర్ణాటక మద్యం. ఆ మాట చదివితే మన కళ్ల ముందు లారీ, దాచిన సరుకు, చెక్‌పోస్టు కనబడతాయి. ‘మానవ’ అని ముందు చేర్చినా ఆ లారీ పోదు. చెక్‌పోస్టు దాటలేదు కాబట్టి నేరం జరగలేదనుకునే ప్రమాదం అక్కడే ఉంది. పలమనేరు పక్క పల్లె పిల్లను పలమనేరులోనే ఒక ఇంట్లో పెట్టి, జీతం ఇవ్వకుండా, బయటికి పోనివ్వకుండా వెట్టి చేయించుకున్నా అది ఈ నేరం కిందికి రావచ్చు.

చట్టం మాటలు చూస్తే ఇది తేటపడుతుంది. ఇప్పటి శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్ ఐదు పనులు చెబుతుంది: చేర్చుకోవడం, తరలించడం, ఆశ్రయమిచ్చి ఉంచడం, ఒకరి నుంచి ఒకరికి అప్పగించడం, అలా వచ్చినవారిని తీసుకోవడం. వీటిలో రవాణా, అంటే తరలించడం, ఒకటి మాత్రమే. ఆ పని బెదిరించో, బలవంతంగానో, ఎత్తుకెళ్లో, మోసగించో, అధికారాన్ని వాడుకునో, డబ్బు ఆశ చూపించో చేసి ఉండాలి; దాని వెనుక మనిషిని పీల్చుకుతినే ఉద్దేశం ఉండాలి. మీ హిందీ ప్రతిలో ఎక్కడైనా ‘ధారా 370’ అని ఉంటే చూసుకోండి. అది పాత శిక్షాస్మృతి సెక్షను. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు 143 అని మార్చాలి.

కాబట్టి నా సలహా: ‘మానవ అక్రమ రవాణా’ను కేసు పేరుగా ఉంచండి, పోలీసు పాత్ర నోట ఒకసారి, చిత్రం చివర తెర మీద వేసే మాటల్లో ఒకసారి. మిగతా అన్నిచోట్లా ‘మనుషుల్ని అమ్మడం’ అనండి. తెర కింద చోటు తక్కువ కదా, ఆ లెక్కలో కూడా ఇదే నయం. మొదటిది తొమ్మిది అక్షరాలు, ఇది ఏడు, పైగా ఆరో తరగతి పిల్లకు అర్థం చెప్పనక్కర్లేదు. ‘మనుషులతో వ్యాపారం’ మాత్రం వద్దు, మనుషుల్ని భాగస్వాములుగా చేర్చుకున్నట్టు కూడా అర్థమొస్తుంది.

మన సీమ మాట ఒకటి మీకు బాగా పనికొస్తుంది. కోస్తా తెలుగులో వస్తువునూ ‘తీసుకెళ్తారు’, మనిషినీ ‘తీసుకెళ్తారు’. ఇక్కడ మనిషినైతే ‘పిలుచుకుపోతారు’. పెండ్లికి పిలుచుకుపోతారు, ఆస్పత్రికి పిలుచుకుపోతారు. ఆ మాటలో చనువుంది, బాధ్యత ఉంది. మోసగాడు వాడేదీ ఆ మాటే. హిందీలో ఆ ఏజెంటు చెప్పే మాటను ‘నేను మీ అమ్మాయిని నగరానికి తీసుకెళ్లి ఉద్యోగం ఇప్పిస్తాను’ అని రాస్తే ఆ తల్లి ఎందుకు నమ్మిందో ప్రేక్షకుడికి తెలియదు. ‘పాపను నేనే పిలుచుకుపోతాలే వదినా, పనిలో పెట్టినాక నేనే ఫోన్ చేయిస్తా’ అంటే తెలుస్తుంది. ‘వదినా’ అన్న వరసా, ‘నేనే’ అని రెండుసార్లు అనడమూ, ఆ రెండే ఉచ్చు.

‘అమ్ముడుపోయిన ఆడపిల్ల’ వేయకండి, దయచేసి. సరుకు అమ్ముడుపోతే అమ్ముడుపోయిందంటాం. మనిషి అమ్ముడుపోయాడంటే డబ్బుకు లొంగాడని అర్థం: ‘ఓటుకు అమ్ముడుపోయాడు’. అకర్మక క్రియ కాబట్టి అమ్మినవాడు వాక్యంలోంచి తప్పుకుంటాడు, తప్పు పిల్ల మీదికి వస్తుంది. ‘అమ్మేసిన పిల్ల’ అందామంటే తెలుగు ధాతుజ విశేషణానికి రెండు ముఖాలు. ‘చదివిన పిల్ల’, ‘చదివిన పుస్తకం’ – రూపం ఒకటే, ఒకచోట కర్త, ఒకచోట కర్మ. అందుకే ‘అమ్మేసిన పిల్ల’ అంటే దేన్నో అమ్మేసిన పిల్ల అని కూడా అవుతుంది. ‘అమ్మివేయబడిన’ అంటే దస్తావేజు భాష. ‘నన్ను అమ్మేసినారు’ అని వేయండి. ‘నన్ను’ అన్న ద్వితీయా విభక్తి పిల్ల ఎవరో చెబుతుంది, బహువచన క్రియ అమ్మినవాళ్లను తప్పించుకోనివ్వదు.

ఇదే తప్పు మరోచోట దొర్లుతుంది: ‘దాడిలో నలుగురు యువతులు పట్టుబడ్డారు’. పట్టుబడేది దొంగలు. వీళ్లను ‘విడిపించారు’ అనాలి. ‘రొంపిలోకి దిగింది’, ‘కూపంలో చిక్కింది’ వంటివి కూడా తీసేయండి, ఆ బురద చదివేవారి మనసులో ఆ పిల్లకే అంటుతుంది. ‘బాధితురాలు’ అన్నది ఆ ఒక్క పాత్రకే వాడండి. మొత్తం మీద చెప్పేటప్పుడు ‘బాధితులు’ అంటేనే బట్టీల్లో, హోటళ్లలో మగ్గే మగపిల్లలూ లెక్కలోకి వస్తారు.

‘దోపిడీ’ దగ్గర కూడా జాగ్రత్త. ‘శ్రమ దోపిడీ’ సభల్లో అర్థమవుతుంది, బడిపిల్లలకు దోపిడీ అంటే బందిపోట్లే. కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడం, అడుక్కునేలా చేయడం, అవయవాలు తీయడం – ఏది ఉంటే అది తిన్నగా చెప్పండి. ఊరి పెద్ద పాత్ర ‘ఇష్టపడే పోయింది కదా’ అంటే, వెంటనే జవాబు పడాలి. ‘ఒప్పుకున్నా నేరం నేరమే’ అని మూడు మాటల్లో చాలు. 143వ సెక్షన్ ప్రకారం బాధితుల సమ్మతి లెక్కలోకి రాదు, పిల్లల విషయంలో శిక్ష కనీసం పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా.

చివరగా పిల్లల సహాయవాణి (చైల్డ్‌లైన్) ఫోన్ నంబరు 1098. తెర మీద అంకెల్లోనే వేయండి. చదివే గొంతు ‘వెయ్యి తొంభై ఎనిమిది’ అనకూడదు, అలా విన్న పిల్ల నొక్కలేదు. ‘పది, తొమ్మిది, ఎనిమిది’ అని చదివించండి, వెనక్కి లెక్కపెట్టినట్టు.