టెక్ సందేహాలు: పాత కంప్యూటర్లు, మొరాయించే అప్‌డేట్లు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది (ఆ తర్వాత కూడా భద్రతా అప్‌డేట్లు అందుకునే దారి కింద నాలుగో జవాబులో ఉంది). అప్పట్నుంచి మాకొచ్చే ప్రశ్నల్లో పాత కంప్యూటర్లవే ఎక్కువ. "అప్‌డేట్ ఎక్కట్లేదు, ఫార్మాట్ కొట్టించమంటారా?" అని అడిగేవాళ్లే అందరూ. రిపేరు షాపులోనూ మొదట వినిపించేది ఆ మాటే. కాస్త ఆగండి. పదేళ్లు నడిచిన యంత్రంలో అప్‌డేట్ ఆగిపోతే తప్పు చాలాసార్లు విండోస్‌ది కాదు. గడియారం తప్పడం, సి డ్రైవ్ నిండిపోవడం, మధ్యలో కరెంటు పోవడం, హార్డ్ డిస్క్ అరిగిపోవడం... వీటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది. ముందు వాటిని చూసుకోండి. అంతకన్నా ముందు మీ ఫొటోలు, ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకో, పెన్ డ్రైవ్‌లోకో కాపీ చేసుకోండి. కింది జవాబులన్నీ ఆ కాపీ చేతిలో ఉన్నవాళ్ల కోసమే.

ప్రశ్న: మాది 2013లో కొన్న డెస్క్‌టాప్, విండోస్ 10 ఉంది. రోజూ పొద్దున ఆన్ చేయగానే తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది. ఏ వెబ్‌సైట్ తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదంటోంది. అప్‌డేట్ నొక్కితే 80072ఎఫ్8ఎఫ్ అనే ఎర్రర్ వస్తోంది. వైరస్ పట్టిందని మా మనవడు అంటున్నాడు.
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: వైరస్ కాదు మాస్టారూ, బ్యాటరీ అయిపోయింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. సీమాస్ బ్యాటరీ అంటారు. కంప్యూటర్ ఆపేసినా తేదీ, టైము నడిపించేది అదే. రాత్రి పడుకునేముందు గోడ దగ్గర స్విచ్ కూడా ఆపేసే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ గడియారానికి ఎస్‌ఎంపీఎస్ (కేబినెట్‌లో కరెంటు సరఫరా చేసే పెట్టె) నుంచే కొద్దిపాటి విద్యుత్తు అందుతుంది. స్విచ్ ఆపేస్తే భారమంతా ఆ చిన్న బ్యాటరీ మీద పడుతుంది. పిడుగుల భయం ఉన్నచోట స్విచ్ ఆపడమే మంచిది, మానమని చెప్పను. బ్యాటరీ కొంచెం త్వరగా మార్చాల్సి వస్తుంది, అంతే.

తేదీ తప్పితే అప్‌డేట్ ఎందుకు ఆగుతుందంటారా? మైక్రోసాఫ్ట్ సర్వర్ అయినా, బ్యాంకు వెబ్‌సైట్ అయినా మన కంప్యూటర్‌కి ముందుగా ఒక డిజిటల్ సర్టిఫికెట్ చూపిస్తాయి. బస్ పాస్ లాగే దాని మీదా 'ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు' అని ఉంటుంది. మీ కంప్యూటర్ ఇంకా పాత సంవత్సరంలోనే ఉన్నాననుకుంటోంది కాబట్టి ఇవాళ్టి సర్టిఫికెట్లేవీ దానికి చెల్లవు. అందుకే బ్రౌజర్, అప్‌డేట్ రెండూ ఒకేసారి మొరాయించాయి. మీకొచ్చిన ఎర్రర్ కోడ్ చెప్పేదీ ఇదే.

షాపులో 'సీఆర్2032' అని అడగండి. 3 వోల్టులది, తక్కువ ధరకే దొరుకుతుంది. విప్పేముందు ఒక్క పని చేయండి. కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగులు) తెరుచుకుంటుంది. అందులోని పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. 'సాటా మోడ్' (హార్డ్ డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) అన్న వరుస మాత్రం తప్పకుండా ఫొటోలో పడాలి. బ్యాటరీ తీసినప్పుడు అది ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిపోతే విండోస్ ఎర్రర్ చూపే నీలి తెర దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు కంగారుపడి ఫార్మాట్ చేయించేవాళ్లున్నారు. ఫొటోలో ఉన్నట్టు మళ్లీ మారిస్తే సరిపోతుంది.

ఇక ప్లగ్ పీకి, కేబినెట్ మూత తీసి, బ్యాటరీ పక్కనున్న చిన్న రేకు క్లిప్పును వేలితో వెనక్కి నొక్కండి. బిళ్ల తనంతట తనే పైకి లేస్తుంది. కొత్తది పెట్టేటప్పుడు ప్లస్ గుర్తు, అక్షరాలు ఉన్న వైపు పైకి ఉండాలి. తర్వాత తేదీని మీరే చేత్తో సరిచేయండి. తేడా ఏళ్లలో ఉంటే ఇంటర్నెట్ టైముకు విండోస్ తనంతట తాను సర్దుకోకపోవచ్చు. టైమ్ జోన్ యూటీసీ +5:30 ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాత 'సింక్ నౌ' నొక్కండి.

తేదీ సరిగ్గానే ఉన్నా కొన్ని సైట్లు తెరుచుకోవట్లేదని విండోస్ 7 వాళ్లు కూడా రాస్తున్నారు. అది వేరే సంగతి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే, లక్షల సైట్లు వాడే సర్టిఫికెట్లకు ఆధారంగా ఉన్న పాత రూట్ (మూల) సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబరు 30తో తీరింది. ఏళ్ల తరబడి అప్‌డేట్ చూడని కంప్యూటర్లలో దాని బదులు రావాల్సిన కొత్తది లేకపోవచ్చు. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్ల జాబితాను తనే తెచ్చుకుంటుంది కాబట్టి ఇలాంటి చోట అక్కరకొస్తుంది.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్నాయి. నెట్ కోసం ఫోన్ హాట్‌స్పాట్ వాడతాను. ప్రతి నెలా అప్‌డేట్ మొత్తం డౌన్‌లోడ్ అయ్యి, రీస్టార్ట్ చేశాక సగం దాకా వెళ్లి 'అన్‌డూయింగ్ చేంజెస్' అంటూ వెనక్కి వస్తోంది. మర్నాడు మళ్లీ మొదట్నుంచి డౌన్‌లోడ్. రోజుకి వచ్చే 1.5 జీబీ డేటా దానికే సరిపోతోంది. సి డ్రైవ్‌లో 3 జీబీ ఖాళీ ఉంది. బ్యాటరీ పోయింది, ఛార్జర్ తీస్తే ఆగిపోతుంది.
– డిగ్రీ విద్యార్థి, నిర్మల్

జవాబు: జబ్బు ఏమిటో మీ ప్రశ్నలోనే ఉంది. 3 జీబీ చోటులో నెలవారీ అప్‌డేట్ కుదురుకోదు. డౌన్‌లోడ్ అయిన ప్యాకేజీని విప్పాలి, పాత ఫైళ్లను పక్కన దాచాలి, తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి దారి ఉంచుకోవాలి. 15 నుంచి 20 జీబీ ఖాళీ చేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్, వాట్సాప్ వీడియోలు డి డ్రైవ్‌కి మార్చండి. తర్వాత డిస్క్ క్లీనప్ తెరిచి 'క్లీనప్ సిస్టమ్ ఫైల్స్' నొక్కితే 'విండోస్ అప్‌డేట్ క్లీనప్' అన్న వరుస కనిపిస్తుంది. ఏళ్లుగా పేరుకున్న చెత్త అక్కడే ఉంటుంది. కొన్ని పాత వెర్షన్లలో ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ పక్కన కూడా టిక్ పెట్టే గడి ఉంటుంది, అక్కడ టిక్ లేకుండా చూసుకోండి.

సగం సగం దిగిన ఫైళ్లు పాడైతే కూడా ఇలాగే అవుతుంది. సర్వీసెస్ తెరిచి 'విండోస్ అప్‌డేట్', 'బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్' రెంటినీ స్టాప్ చేయండి. సి డ్రైవ్‌లో విండోస్, అందులో సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్, అందులో డౌన్‌లోడ్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాని లోపల ఉన్నవన్నీ తీసేసి రీస్టార్ట్ చేయండి. ఆ ఫోల్డర్‌లో మీ సొంత ఫైళ్లు ఉండవు, భయం లేదు.

డేటా విషయానికొస్తే, హాట్‌స్పాట్‌ను 'మీటర్డ్ కనెక్షన్' అని గుర్తించి పెట్టండి. చాలా అప్‌డేట్లు మీరు చెప్పేదాకా దిగవు. నెలవారీ క్యుములేటివ్ అప్‌డేట్‌లో అంతకుముందు నెలలవీ కలిసే ఉంటాయి కాబట్టి తాజాది ఒక్కటి వేస్తే చాలు. కాలేజీ ల్యాబ్‌లోనో, ఫ్రెండ్ ఇంట్లోనో వైఫై ఉంటే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ సైట్‌కి వెళ్లి, మీ అప్‌డేట్ కేబీ నంబరు (అప్‌డేట్ పేరులో 'కేబీ'తో మొదలయ్యేది) వెతికి, ఫైలు పెన్ డ్రైవ్‌లో తెచ్చుకోండి. మీ విండోస్ 64 బిట్టా, 32 బిట్టా చూసి దించుకోవాలి. ఇంటికొచ్చి డబుల్ క్లిక్ చేస్తే ఇన్‌స్టాల్ అవుతుంది.

బ్యాటరీ లేని ల్యాప్‌టాప్‌కి కరెంటు కోత ఉండే వేళల్లో అప్‌డేట్ పెట్టకండి. ఎవరింట్లోనైనా ఇన్వర్టర్ ఉంటే అక్కడ పెట్టుకోండి. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఒకే శాతం దగ్గర గంట నిలిచినా పవర్ బటన్ జోలికి వెళ్లొద్దు. ల్యాప్‌టాప్ అంచున చిన్న డిస్క్ లైటు ఉంటే దాన్ని చూడండి. అది మినుకుమంటోందంటే లోపల పని జరుగుతోందని అర్థం.

అసలు మందు మాత్రం ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు పెట్టుకునే, తిరిగే భాగాల్లేని వేగమైన డ్రైవ్). టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గంటల తరబడి 100 శాతం దగ్గరే ఉంటే హార్డ్ డిస్క్ ఇక తట్టుకోలేకపోతోందన్నమాట. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపి చూడండి. పసుపు రంగులో 'కాషన్' అని వస్తే అప్‌డేట్ సంగతి తర్వాత, ఫైళ్లు ఇవాళే కాపీ చేసుకోండి. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ మీలాంటి పాత ల్యాప్‌టాప్‌లకు సరిపోతుంది. ఆ డబ్బులు ఎవరైనా చెప్పారని 'డ్రైవర్ అప్‌డేటర్', 'పీసీ బూస్టర్' ప్యాకేజీల మీద మాత్రం పెట్టకండి. వాటి వల్ల బాగుపడిన కంప్యూటర్ ఒక్కటీ నా కంట పడలేదు.

ప్రశ్న: 2024 జనవరిలో వచ్చిన కేబీ5034441 అనే అప్‌డేట్ మా కంప్యూటర్‌లో 80070643 ఎర్రర్‌తో ఫెయిల్ అవుతూ వచ్చింది. యూట్యూబ్‌లో డిస్క్‌పార్ట్ అనే కమాండ్‌తో పార్టిషన్ (డిస్క్‌లో విడిగా కట్టిన భాగం) మార్చమంటున్నారు. చేయమంటారా?
– గృహిణి, కర్నూలు

జవాబు: చేయొద్దమ్మా. విండోస్ దెబ్బతిన్నప్పుడు బాగుచేసుకునే పనిముట్లు ఉండే రికవరీ పార్టిషన్ కోసం వచ్చిన అప్‌డేట్ అది. అక్కడ 250 ఎంబీ ఖాళీ ఉండాలి, చాలా పాత కంప్యూటర్లలో ఆ పార్టిషన్‌లో అంత ఖాళీ ఉండదు. చోటు లేదని చెప్పాల్సింది పోయి ఇన్‌స్టాల్ ఫెయిల్ అని ముక్తసరిగా చెప్పడం మైక్రోసాఫ్ట్ తప్పు. ఆ అప్‌డేట్ సరిచేసిన లోపం బిట్‌లాకర్ అనే, డ్రైవ్‌లోని ఫైళ్లకు విండోస్ వేసే తాళాన్ని దాటిపోవడం గురించి. అలాంటి దాడికి మీ కంప్యూటర్ ఎవరి చేతికైనా స్వయంగా చిక్కాలి. మీరు బిట్‌లాకర్ వాడకపోతే దీన్ని వదిలేసినా నష్టం లేదు, మిగతా అప్‌డేట్లు ఎప్పట్లాగే ఎక్కుతాయి. డిస్క్‌పార్ట్‌లో ఒక్క అంకె తప్పు కొట్టి మొత్తం డ్రైవ్ చెరుపుకున్నవాళ్లు ఉన్నారు.

వేరే అప్‌డేట్లు కూడా ఆగుతుంటే మాత్రం కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్మ్ రిస్టోర్‌హెల్త్ (DISM /Online /Cleanup-Image /RestoreHealth), ఆ తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) కమాండ్లు నడపండి. వరుస ముఖ్యం. రెండోది బాగుచేయడానికి వాడే మూల ఫైళ్లను సరిచేసేది మొదటిదే.

ప్రశ్న: మా డీటీపీ సెంటర్‌లో మూడు సిస్టమ్‌లు ఉన్నాయి. రెండు విండోస్ 10వి, విండోస్ 11 రాదని చూపిస్తోంది. ఒకటి ఇప్పటికీ విండోస్ 7. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపు చేసే అను ఫాంట్లు దాంట్లోనే. విండోస్ బదులు లినక్స్ వేసుకోమని ఒకాయన అంటున్నారు.
– డీటీపీ నిర్వాహకుడు, ఖమ్మం

జవాబు: పేజ్‌మేకర్ మీద బతికే వ్యాపారానికి లినక్స్ చెప్పడం నాకు ఇష్టం లేదు. పెళ్లి పత్రికల సీజన్‌లో కీబోర్డు లేఔట్ పని చేయకపోతే మీ బాధ ఆయనకేం తెలుస్తుంది?

విండోస్ 7 సిస్టమ్‌కి నెట్ కేబుల్ పీకేయండి. దానికి అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగాయి, క్రోమ్ కూడా 2023లో దాన్ని వదిలేసింది. ఆఫ్‌లైన్‌లో ఉంటే పేజ్‌మేకర్ ఎన్నాళ్లయినా నడుస్తుంది. కస్టమర్ల పెన్ డ్రైవ్‌లు నేరుగా దానికి పెట్టకుండా ముందు విండోస్ 10 సిస్టమ్‌లో స్కాన్ చేయండి. ఆన్‌లైన్ పేమెంట్లు, మెయిళ్లు విండోస్ 7 సిస్టమ్‌లో అస్సలు వద్దు.

విండోస్ 10 వాటికి సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే 'ఎన్‌రోల్ నౌ' అన్న లింకు ఉంటుంది. దాని ద్వారా 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాకు సింక్ చేస్తే ఉచితం. లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు గానీ, 30 డాలర్లు గానీ కట్టాలి. వెర్షన్ 22హెచ్2 అయితేనే ఆ లింకు కనిపిస్తుంది, మీ దాంట్లో లేకపోతే ముందు ఆ వెర్షన్‌కి రండి. అయితే ఈ పథకం ఇళ్లలో వాడుకునేవాళ్ల కోసం పెట్టింది. వ్యాపారాలకు వేరే లైసెన్స్ ఉంది, షరతులు చదివి చేరండి.

విండోస్ 11 నిజంగానే రాదా అన్నది ఇంకోసారి చూడండి. ప్రాసెసర్ పేరు చదవండి. ఐ5-7400 అంటే ఏడో తరం, దానికి రాదు. ఐ5-8400 అంటే ఎనిమిదో తరం, దానికి వస్తుంది. ఎనిమిదో తరం అయ్యుండీ రాదంటోందంటే బయోస్‌లో టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా చిప్) ఆఫ్‌లో ఉండొచ్చు. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు 'పీటీటీ', ఏఎండీలో 'ఎఫ్‌టీపీఎం'. ఆన్ చేసి మళ్లీ చెక్ చేయండి. ఏడో తరం యంత్రం మీద రూఫస్ (విండోస్ ఇన్‌స్టాల్ పెన్ డ్రైవ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) లాంటి పక్కదారుల్లో 11 ఎక్కించొచ్చు గానీ, ఆ సిస్టమ్‌లకు అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. పండక్కి ముందు పని ఆగితే నష్టపోయే షాపుకి ఆ దారి నేను చెప్పను.

ప్రశ్న: నేను డల్లస్‌లో ఉంటాను. విజయవాడలో ఉన్న నాన్నగారి పాత కంప్యూటర్‌ని రిమోట్‌లో అప్‌డేట్ చేస్తుంటే రీస్టార్ట్ అవగానే కనెక్షన్ పోతోంది. తర్వాత ఏమైందో ఆయన చెప్పలేకపోతున్నారు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: క్విక్ అసిస్ట్ (దూరం నుంచి సాయం చేయడానికి విండోస్‌లో ఉండే ప్రోగ్రామ్) లాంటివి విండోస్ లోపలికి వచ్చాకే పని చేస్తాయి. రీస్టార్ట్‌లో అప్‌డేట్ శాతం చూపే తెర మీకు రాదు. ఆ కాసేపు వాట్సాప్ వీడియో కాల్ పెట్టి, ఫోన్‌ను మానిటర్ వైపు తిప్పి నిలబెట్టమనండి. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లు రెండో మంగళవారం వస్తాయి. మన దేశంలో అప్పటికి రాత్రి పది దాటుతుంది. ఆ రాత్రే తొందరపడి వేయకుండా వారం ఆగి, నాన్నగారికి పగలు, మీకు రాత్రి అయ్యే వేళ చూసుకోండి. 'యాక్టివ్ అవర్స్' (విండోస్ తనంతట తాను రీస్టార్ట్ కాకుండా ఉండే వేళలు) ఆయన మేల్కొని ఉండే టైముకి పెట్టండి.

బయోస్ అప్‌డేట్ మాత్రం దూరం నుంచి చేయకండి. దాని మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. 'మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ కంప్యూటర్ అప్‌డేట్ ఆగింది' అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయమని ముందే చెప్పి ఉంచండి. క్విక్ అసిస్ట్‌లో మీరిచ్చిన కోడ్ తప్ప వేరెవరు చెప్పిన కోడూ ఆయన ఎక్కించకూడదు.