కుందేలు బొమ్మ ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: జంతువుల మీద పరీక్షించిన వస్తువులు ఇంట్లో ఉండకూడదని ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి పట్టుబట్టి, షాంపూలు, కండిషనర్, నేను వేసుకునే హెయిర్ కలర్ అన్నీ పక్కన పెట్టించింది. కొన్ని సీసాల మీద కుందేలు బొమ్మ ఉంది, కొన్నింటి మీద ఆకుపచ్చ చుక్క ఉంది, కొన్నింటి మీద ఏ గుర్తూ లేదు. డవ్, గార్నియర్ వంటి పేరున్న బ్రాండ్లు నిజంగా క్రుయెల్టీ ఫ్రీ అని నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ అమ్మాయి పట్టుదల మెచ్చుకోదగినది. ముందు మన దేశం సంగతి చూద్దాం. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని భారత ప్రభుత్వం 2014లో నిషేధించింది. విదేశాల్లో అలా పరీక్షించినవాటి దిగుమతిని కూడా అదే ఏడాది నవంబరు నుంచి ఆపివేసింది. అందువల్ల కిరాణా కొట్టులో వేలాడే షాంపూ ప్యాకెట్టు మొదలుకొని ఖరీదైన సీసా వరకు దేనినీ ఇక్కడ కుందేలు మీద పరీక్షించి అమ్మడానికి వీలులేదు. ‘జంతువుల మీద పరీక్షించలేదు’ అని ఒక కంపెనీ సీసా మీద అచ్చు వేసుకుంటే, ఆ మేరకు అది చట్టాన్ని పాటించానని చెప్పుకోవడమే తప్ప అంతకు మించి చేసినదేమీ లేదు.

అసలు చిక్కు ఆ కంపెనీ ఇంకే దేశంలో ఏమి అమ్ముతోందన్న దగ్గర మొదలవుతుంది. దిగుమతి అయ్యే ప్రతి సౌందర్య సాధనాన్నీ జంతువుల మీద పరీక్షించాలని చైనా చాలాకాలం నిబంధన పెట్టింది. 2021 మే 1 నుంచి షాంపూ, కండిషనర్ వంటి ‘సాధారణ’ రకాలకు, తగిన తయారీ ధ్రువపత్రమూ భద్రతా నివేదికా చూపితే, మినహాయింపు ఇచ్చింది. అయితే తలకు వేసే రంగులు, జుట్టును ఉంగరాలు తిప్పే పెర్మింగ్ మందులు, జుట్టు రాలకుండా ఆపుతామని చెప్పే ఉత్పత్తులు అక్కడ ‘ప్రత్యేక’ వర్గంలోకి వస్తాయి. వాటికి ఈ మినహాయింపు లేదు. సబ్బు, లిప్‌స్టిక్ విషయంలో ఇంత తిరకాసు లేదు. జుట్టుకు సంబంధించిన ప్రశ్నను విడిగా చూడవలసి రావడానికి కారణం ఇదే.

ఇక మీరు అడిగిన బ్రాండ్లు. డవ్‌ను 2018లో జంతు హక్కుల సంస్థ పెటా తన క్రుయెల్టీ ఫ్రీ జాబితాలో చేర్చుకుంది. గార్నియర్‌కు 2021లో లీపింగ్ బన్నీ గుర్తింపు, అంటే జంతువుల మీద పరీక్షించని బ్రాండ్లకు ఇచ్చే కుందేలు గుర్తు, వచ్చింది. ఆ బ్రాండ్ 2014లోనే చైనా మార్కెట్టు నుంచి తప్పుకుంది. ఈ రెండు గుర్తింపులనూ ఒకే గాట కట్టకూడదు. పెటా జాబితా ప్రధానంగా కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చే హామీ మీద నడుస్తుంది. లీపింగ్ బన్నీ మాత్రం ఒక తేదీని గీతగా పెట్టి, ఆ తరువాత కంపెనీ గాని, దానికి ముడి పదార్థాలు సరఫరా చేసేవారు గాని ఎక్కడా పరీక్షలు చేయించలేదని బయటి తనిఖీదారులతో ఆడిట్ చేయిస్తుంది. నా దృష్టిలో రెండవదే గట్టిది. ఏ సంస్థ పేరూ లేకుండా కంపెనీ తానే గీయించుకున్న కుందేలు బొమ్మను లెక్కలోకి తీసుకోకండి. ఆకుపచ్చ చుక్క సంగతి వేరు. అది సరుకు శాకాహార మూలాల నుంచి తయారైనదని మాత్రమే చెబుతుంది, పరీక్షల గురించి ఏమీ చెప్పదు. అలాగే కుందేలు గుర్తు ఉన్న కండిషనర్‌లో పట్టు ప్రొటీను గాని, ఉన్ని నుంచి తీసిన లానోలిన్ గాని ఉండవచ్చు.

గార్నియర్ యజమాని అయిన లోరియల్ సంగతి మరికొంత క్లిష్టం. తన ఉత్పత్తులను జంతువుల మీద పరీక్షించడం 1989లోనే మానేశానని ఆ సంస్థ చెబుతుంది; ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మం మీద పరీక్షించే పద్ధతికి అది చేసిన కృషి నిజమైనది. అయినా అదే సంస్థకు చెందిన లోరియల్ పారిస్ బ్రాండ్‌కు లీపింగ్ బన్నీ గుర్తింపు లేదు. గార్నియర్ కొంటే మాతృసంస్థకు లాభం పోతుంది కదా అని కొందరు దానినీ మానేస్తారు. గుర్తింపు ఉన్న బ్రాండ్‌కు గిరాకీ పెరిగితేనే మాతృసంస్థ మిగతావాటినీ ఆ దారి పట్టిస్తుందని నేను నమ్ముతాను. కాబట్టి షాంపూ, కండిషనర్ విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు. హెయిర్ కలర్ మాత్రం లీపింగ్ బన్నీ జాబితాలో ఉన్నదే ఎంచుకోండి.

ప్రశ్న: కుందేళ్ల మీద పరీక్షించకపోతే షాంపూ కంట్లో పడినా ప్రమాదం లేదని ఎలా తెలుస్తుంది?
– ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: ఆ పరీక్ష ఎలా ఉండేదో తెలిస్తే దానిని తలచుకోవడానికే మనసొప్పదు. 1944లో అమెరికా శాస్త్రవేత్త జాన్ డ్రేజ్ రూపొందించిన పద్ధతి అది. తల మాత్రమే బయటికి ఉండేలా కుందేలును చెక్క చట్రంలో బిగించి, కింది రెప్పను లాగి, అందులో పదార్థాన్ని వేసి, కన్ను ఎంత ఎర్రబడిందో, నల్లగుడ్డు ఎంత మసకబారిందో రోజుల తరబడి చూస్తూ మార్కులు వేసేవారు. కుందేలు మనలా తరచుగా రెప్ప కూడా వేయదు. 1980లో హెన్రీ స్పైరా అనే ఉద్యమకారుడు రెవ్లాన్ కంపెనీని నిలదీస్తూ న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వేయించాక, ఆ కంపెనీ ప్రత్యామ్నాయ పద్ధతుల పరిశోధనకు రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి 7,50,000 డాలర్లు ఇచ్చింది. ఇప్పుడు మానవ కణాలతో పెంచిన కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద మంటను కొలుస్తున్నారు. మన హైదరాబాద్‌లోనూ, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థకు అనుబంధంగా ఉన్న ఇంక్యుబేషన్ సెంటర్‌లో, జంతువులు లేని పరీక్షా పద్ధతుల కోసం ఒక కేంద్రం ఏర్పడింది.

హెయిర్ డైలోని పీపీడీ అనే రసాయనం కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది. కుందేలు మీద ఎన్ని పరీక్షలు చేసినా మీ చర్మానికి అది పడుతుందో లేదో తేలదు. రంగు వేసుకోవడానికి 48 గంటల ముందు చెవి వెనుకనో మోచేతి మడతలోనో కాస్త రాసి చూడమని పెట్టెలోని కాగితం చెబుతుంది. దానిని తప్పక పాటించండి.

ప్రశ్న: చుండ్రుకు డాక్టరు రాసిన కీటోకొనజోల్ షాంపూ కూడా ఈ నిషేధం కిందికి వస్తుందా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: రాదు. అది చట్టం దృష్టిలో మందు; 2014 నిషేధం సౌందర్య సాధనాలకు మాత్రమే. జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్ కూడా అంతే. ‘ఆయుర్వేద ఔషధం’ అని లేబుల్ ఉన్న తలనూనెలు సైతం మందుల లైసెన్సు మీద తయారయ్యేవే కనుక, వాటి విషయంలో ఈ నిషేధాన్ని నమ్ముకోకుండా కంపెనీకే రాసి అడగండి. డాక్టరు రాసిన షాంపూను మాత్రం ఈ కారణంగా మధ్యలో మానవద్దు.