ఎండ వల్ల కాదు, పంచుకోవడం వల్ల పోయింది

చెన్నైలో బెంగళూరు లాల్‌బాగ్‌లాంటి తోట ఎందుకు లేదు, ఎండా ఉప్పుగాలీ కారణమా అని కొందరు అడుగుతుంటారు. కానే కాదు. ఆ ఉప్పుగాలిలోనే అడయార్ దివ్యజ్ఞాన సమాజంలో మర్రిచెట్టు ఊడలు దించి ఎకరంపైగా పరుచుకుంది. అసలు ఇక్కడా పెద్ద తోట ఉండేది. సెంట్రల్ స్టేషన్ పక్కన పీపుల్స్ పార్క్, 116 ఎకరాలు. 1859లో గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యాన్ పూనుకుని వేయించాడు. కొలనులు, బ్యాండు మంటపం, జంతువుల బోన్లు అన్నీ ఉండేవి.

డెబ్భైల చివర్లో మా తాతయ్య నన్ను ఆ జూకి తీసుకెళ్లేవాడు. మాది చింతాద్రిపేట, కూవం నది దాటితే నడిచిపోవచ్చు. మా నాయనమ్మ బతికున్న జంతువులుండే ఆ జూని ‘బతికిన కాలేజీ’ అనేది, చచ్చినవాటిని దాచిపెట్టే ఎగ్మూరు మ్యూజియాన్ని ‘చచ్చిన కాలేజీ’ అనేది. ఒకసారి సింహం బోను ముందు నిలబడ్డాం. అది పడుకుని ఈగలు ముసిరిన చెవి ఒక్కటే ఆడిస్తోంది. స్టేషన్లో ఇంజను కూత పెట్టేసరికి నేను హడలిపోయి తాతయ్య పంచె పట్టుకున్నాను. సింహం కళ్లు కూడా తెరవలేదు. ‘‘దానికి అలవాటేరా, మనకంటే పాత కాపురం’’ అన్నాడు. బయటికొచ్చి మూర్ మార్కెట్లో పాత పుస్తకాలు బేరమాడి, గొడుగు చాచి చూపించాడు: ‘‘ఈ మార్కెట్టు, ఆ రిప్పన్ బిల్డింగు, వెనక స్టేడియం... ఇదంతా తోటేరా!’’

ఆ మాట నాకు తర్వాతెప్పుడో అర్థమైంది. మన విజయనగరం ఆనందగజపతి రాజుగారు చేయందించిన విక్టోరియా హాలు ఆ తోటలోనే లేచింది. 1900లో మూర్ మార్కెట్, 1913లో కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్, ఆపైన స్టేడియం. 1985లో జూ ఊరి బయట వండలూరుకు వెళ్లిపోయింది. అదే ఏడు మూర్ మార్కెట్ కాలిపోతే ఆ చోట రైల్వే భవనం వచ్చింది. విడివిడిగా చూస్తే ఒక్కటీ చెడ్డ పని కాదు, అన్నీ ఊరికి కావలసినవే. చెట్లున్న నేలను ‘ఖాళీ స్థలం’ కింద లెక్కేయడమే ఆ తోట కొంప ముంచింది. కర్ణాటకలో 1975లోనే పార్కుల రక్షణకు చట్టం చేశారు. లాల్‌బాగ్ ఇవాళ్టికీ నిలబడిందంటే దానివల్లేనని నా గట్టి నమ్మకం.

ఇప్పటి పార్కుల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మా పేటలో ఉన్నదాంట్లో గడ్డి పీకి రంగు టైల్స్ పరిచారు. మిట్టమధ్యాహ్నం, నీడ కావలసిన వేళకే గేటుకు తాళం! కూరలమ్మే ముసలమ్మ గంప దించుకుని బయట ఫుట్‌పాత్ మీద ఎండలో కూర్చుంటుంది. తోట ఎవరికోసం మరి? పొద్దున్నే బూట్లేసుకుని చుట్లు కొట్టేవాళ్లకేనా?

టీ నగర్‌లో పానగల్ పార్క్‌లో కూడా కొంత నేల మెట్రో తవ్వకాలకు పోయింది. మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన మన తెలుగువాడు పానగల్ రాజా పేరున్న పార్కు అది. మెట్రో నాకూ కావాలి. కానీ పని ముగిశాక స్టేషన్ మెట్లకూ గాలి గొట్టాలకూ పోను చెట్లకు ఎంత నేల తిరిగొస్తుందో టీ నగర్ వాళ్లు ఇప్పుడే కొలతలతో సహా రాతపూర్వకంగా అడగాలి. పైన సిమెంటు పోసేశాక అడిగితే ‘ఇప్పుడేం చేయలేం’ అనేస్తారు.